సోడా సరస్సు దగ్గర మీసం పందెం

టాంజానియాలో మా పని బోర్లు వేయడం. రిగ్గు నడిపేది బాబాయ్. ఎక్కడ వేయాలో చెప్పేది నేను. నీళ్లు పడితే ఆయన చేతి చలవ, పడకపోతే నా డిగ్రీ తప్పు. మాది మాచవరం, ఆయనది రెంటచింతల. చుట్టరికమేమీ లేదు. కానీ ఇంత దూరమొచ్చి ఒక పల్నాడువాడు ఇంకో పల్నాడువాణ్ని పేరు పెట్టి పిలిస్తే ఏం బాగుంటుంది?

రిగ్గు రిపేరుకు పోయింది, మాకు మూడు రోజులు సెలవు దొరికింది. ఆ పై వారమే బాబాయ్ ఇంటికి ప్రయాణం. వెళ్లిన మూడో రోజు కూతురి పెళ్లి.

"రెండేళ్లున్నా, బోరు బొక్కలు తప్ప ఏం చూళ్లేదబ్బాయ్. ఎవరన్నా అడిగితే ఏం చెప్పాల?" అన్నాడు.

అలా ఒక గైడుని వెంటబెట్టుకుని రోజంతా జీపులో కుదుపులు తిని, సోడా సరస్సు ఒడ్డున డేరాలు వేశాం. నీళ్ల నిండా బట్టల సోడా లాంటి ఉప్పు, రంగు గులాబి. ఒడ్డంతా సున్నం పరిచినట్టు తెల్లటి పెచ్చులు. నడిమధ్య వేలకు వేల ఫ్లెమింగోలు, అందరూ పెళ్లికొచ్చి భోజనాల పిలుపు కోసం నిలబడ్డట్టు. నాకు ఊరికే నవ్వొచ్చేస్తోంది. బాబాయ్ మాత్రం చానాసేపు చూసి, "ఇన్ని నీళ్లు పెట్టుకుని తాగటానికి గుక్కెడు లేవంటే ఏం జేసుకోను?" అన్నాడు. వృత్తి అలాంటిది.

మధ్యాహ్నానికి డేరాలో కూర్చుంటే అప్పడంలా వేగుతున్నాం. అప్పుడు నేనో చిన్న మాటన్నాను.

"బాబాయ్, ఈ ఎండ మీ ఊరిని మించిపోయింది."

ప్రతి వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ రెంటచింతలలోనే అని పేపర్లో పడితే, ఆ ఊరివాళ్లు దాన్ని పిల్లలకు ర్యాంకొచ్చినట్టు చదువుకుంటారు. ఆ సంగతి తెలిసీ అన్నాను.

"ఏందీ? ఒరేయ్, మా ఊళ్లో మే నెలలో తుండు తడిపి దండెం మీదేస్తే, గ్లాసుడు టీ తాగేలోపు ఆరిపోద్ది. ఇక్కడ ఆరమను చూద్దాం! ఆరిందా, నా మీసం తీసేస్తా. ఆరకపోతే నీది."

నా మీసం పోయినా ఇంట్లోవాళ్లు కూడా వెంటనే గుర్తుపట్టరు. ఆయనది అలా కాదు. పాతికేళ్ల మీసం. పెళ్లిచూపుల్లో పిన్ని చూసి ఒప్పుకున్నది దాన్నేనని ఆయనే చెబుతాడు. కన్యాదానం ఫొటోల కోసం నెల నుంచి కొబ్బరినూనె పెట్టి పెంచుతున్నాడు.

గైడు అంపైరు. తడపడానికి క్యానులో నీళ్లు ఇవ్వబోతే బాబాయ్ కసురుకున్నాడు.

"తాగే నీళ్లు తుండుకా? కళ్లు పోతాయ్!"

మా వైపు బొల్లాపల్లి మెట్టల్లో నీళ్లు పడని ఉత్త బోర్లు ఎన్ని వేశాడో, ఆయనకు నీళ్లంటే అంత భయభక్తి. గబగబా పోయి తుండును సరస్సులో ముంచుకొచ్చాడు.

టీ మొదలైంది. నేను గుక్కకీ గుక్కకీ మధ్య ఊదుతూ కాలం సాగదీశాను.

"తాగరా, అది టీనా, తీర్థమా?"

గ్లాసు ఖాళీ అయింది. గైడు తుండు పట్టుకుని చూసి తల అడ్డంగా ఊపాడు. తడి! ఆ నీళ్లలో సోడా చిక్కగా ఉంటే బట్ట అంత తొందరగా ఆరదని నా డిగ్రీకి అప్పుడు గుర్తొచ్చింది. అప్పీలు చేశాను, అంపైరు కొట్టేశాడు.

బాబాయ్ ఆనందం పట్టలేకపోయాడు. "రెంటచింతలతోనా!" అంటూ అదే తుండుతో మొహం పరపరా తుడిచి, తలకు చుట్టి, మీసం మెలేసి ఫ్లెమింగోలకు చూపించాడు. కొన్ని లేచిపోయాయి కూడా.

కాసేపటికి మీసం తెల్లబడి, మెలేసినది మెలేసినట్టే అట్టకట్టింది. కింద చర్మం మంట. గైడు కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వుతూ ఏదో అన్నాడు.

"ఏమంటన్నాడ్రా?"

"చిక్కుళ్లు మెత్తగా ఉడకడానికి వాళ్లు ఈ సోడానే చిటికెడు వేస్తారట. సాయంత్రానికి నీ మూతి కూడా ఉడుకుద్దంట."

అనువాదంలో కొంత దాచి ఉండాల్సింది.

"క్యాను ఒంపి కడుక్కో బాబాయ్," అన్నాను.

ఆయన రెండు క్యాన్ల వైపు చూశాడు. ముగ్గురం, రేపు సాయంత్రం దాకా అవే. మీసం తడుముకున్నాడు. మళ్లీ క్యాన్ల వైపు చూశాడు.

"తాగే నీళ్లు మీసానికి పొయ్యటమేందిరా," అని కొబ్బరినూనె రాసుకుని, జీపు అద్దంలో చూసుకుంటూ తనే గీసేసుకున్నాడు. పందెం ప్రకారం నాదీ పోయింది, ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు సిగ్నల్ రాగానే పిన్ని నుంచి వీడియో కాల్. ఆవిడ ఫోను మొహం దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఎవరండీ మీరు? మా ఆయన ఫోను మీ కాడెందుకుంది?"

బాబాయ్ బోసి పెదవి తడుముకుని, గర్వంగా అన్నాడు.

"ఏమే, పందెం నేనే గెల్చా."