డ్రమ్ములు వచ్చేదాకా

మా బ్యాండు గురించి మా అమ్మ ఒకటే మాట అనేది: "మాటలు కోటలు దాటుతాయి, చేతలు గడప దాటవు." పత్తికొండలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి మమ్మల్ని పిలిచిన రోజు ఆ మాట అక్షరాలా నిజమైంది. అది మా మొదటి ప్రోగ్రాము. అందరం స్టేజీ ఎక్కాం గానీ డ్రమ్ములూ రాలేదు, కొట్టేవాడూ రాలేదు.

ఆ డ్రమ్ముల సెట్టు వాడి ఊరి చర్చిది. వాళ్ల నాయన సంఘ పెద్ద. దేవుని పాటలకు తప్ప దాన్ని బయటికి పంపేది లేదని పొద్దున్నుంచీ పట్టుపట్టాడు. వాడు లేకపోతే మా బ్యాండు బజ్జీ లేని బొరుగుల ఉగ్గాని. అందుకని నేనే మైకు పట్టుకుని, పొద్దు గడపడానికి మా పరిచయం మొదలుపెట్టాను.

"మేం అహోబిలం అడవిలో ప్రాక్టీసు చేస్తాంటే పులులు చెవులు మూసుకొని కొండ దిగి పోయినాయి! మా పాటకు మీ ఊరి పచ్చి టమోటాలు చెట్టు మీదనే ఎర్రబడినాయి!"

జనం ఈలలు వేశారు. డ్రమ్ములు ఇంకా రాలేదు. నా దగ్గర కోతలు అయిపోవస్తున్నాయి.

"ఇంక మా డ్రమ్ములు కొట్టేటోని సంగతి ఇనండి! వాడు ఒక దెబ్బ కొడితే ఎండిన బోరులో నీళ్లు పైకొస్తాయి. రెండో దెబ్బకు మబ్బు దిగుతాది. కర్నూలు, కడప రెండు జిల్లాల్లో అట్లాంటోడు ల్యాడు!"

అప్పుడు చూశాను. గేటు దగ్గర ఆటో ఆగి ఉంది. అందులో డ్రమ్ములు, వాటి పక్కన తలవంచుకుని మావాడు. వాళ్ల నాయన మాత్రం నేరుగా స్టేజీ దగ్గరికి నడిచి వస్తున్నాడు. ఇక్కడ ఏం జరుగుతోందో ముందు తాను చూడాలి, తర్వాతే డ్రమ్ములు దించేది అని కొడుకుతో అన్నాడట. జనమంతా నవ్వుతున్నారు, ఆయన నవ్వడం లేదు.

"ఏమప్పా, నువ్వు చెప్పేది మావోని గురించేనా?"

"అవు చిన్నాయనా."

"వాడు అంత బాగా కొడతాడా?"

అందులో ఎగతాళి లేదు. కొడుకును ఒకరు మెచ్చుకోగా ఆయన వినడం అదే మొదటిసారేమో. మైకు పక్కకు దించి, "శానా బాగా కొడతాడు చిన్నాయనా" అన్నాను. అది కోత కాదు.

ఆయన ఆటో వైపు తిరిగి, "దించుకో పోరా" అని చెయ్యి ఊపాడు.

మా పాటలు అంతంతమాత్రమే. పాడేవాడు రెండో చరణం మరిచిపోయాడు. డ్రమ్ములే మమ్మల్ని గట్టెక్కించాయి. అంతా అయ్యాక ఆయన నా దగ్గరికొచ్చి ఆకాశం వైపు చూశాడు.

"మబ్బయితే రాల్యా."

నేను మైకు వైరు చుట్టడం మొదలుపెట్టాను.

"ఆదివారం మా చర్చికి రాప్పా," అన్నాడు ఆయన. "వాని గురించి ఇట్లే ఆడ గూడా చెప్పు. వాళ్లమ్మ ఇనాల."