పదును రోజున రూపకం

డెబ్బైల చివర, డిగ్రీ రెండో ఏడాదిలో మాకొక పాత ఇంగ్లీషు ప్రేమ పద్యం ఉండేది. కాలం ఆగదు, వయసు ఆగదు, ఆలస్యం చేయకుండా నన్ను ప్రేమించమని ఒకాయన ఒకావిడను పేజీ పొడుగునా బతిమాలుతాడు. ఆవిడ ఏమందో పద్యంలో లేదు. మా లెక్చరరుకు ఆ సంగతి పట్టలేదు. ఉపమ ఎక్కడ, రూపకం ఎక్కడ, అతిశయోక్తి ఎక్కడ అన్నదే ఆయన గొడవ. వాటిని పట్టడంలో నాకు ఎదురు లేదు. ఇంట్లో అమ్మ పనితో చచ్చిపోతున్నానంటే అది అతిశయోక్తి అని చెప్పి తిట్లు తినేదాన్ని.

పద్యం సగంలో ఉండగా వాన పడింది. మా అనంతపురంలో వాన పడితే పాఠం సాగదు. నేలలో పదును ఉన్న నాలుగు రోజుల్లోనే వేరుశెనగ విత్తాలి. తడి ఆరితే అంతే. మర్నాటికి మగపిల్లలంతా బస్సు టాపులెక్కి ఊళ్ళకు పోయారు. మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు, విత్తే పని లేదు కాబట్టి నేనున్నాను. గుమ్మఘట్ట అబ్బాయి ఒక్కడు మాత్రం పోకుండా ఉన్నాడు. వాళ్ళూ మా కులమే, మగ్గం వదిలి సేద్యంలోకి దిగినవాళ్ళు. ఆదివారం నన్ను పెళ్ళిచూపులు చూడడానికి హిందూపురం నుంచి ఎవరో వస్తున్నారని అతనికి తెలుసు. వాళ్ళ నాయన విత్తే గొర్రు కట్టుకుని అతని కోసం ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు. వరండాలో ఆపి అడిగాను.

"పదును పోతాది గదా, ఈడేం చేస్తాండావు?"

"నా పదును ఈడనే ఉండాది."

"అది రూపకం," అన్నాను. అలవాటు.

"రూపకం గాదు. నిన్ను చేసుకుంటా అంటాండా."

సంతోషం పైకి కనబడనీయకుండా, పోయి చేను విత్తుకోమన్నాను. పోలేదు.

ఆదివారం వచ్చినవాళ్ళకు నేను నచ్చలేదు. అందుకు కావలసిన శ్రమంతా నేనే పడ్డాను. గుమ్మఘట్టలో వాళ్ళ చేను బీడు పడింది, వాళ్ళ నాయన కొడుకుతో మాటలు మానేశాడు. ఆ తర్వాత వాన మొహం చూపలేదు. విత్తినవాళ్ళ మొలకలన్నీ ఎండిపోయాయి. వీళ్ళ విత్తనాలు మాత్రం మూటల్లో భద్రంగా ఉన్నాయి.

దీపావళి దాటాక అతని నాయన ఒక వేరుశెనగ మూటతో ధర్మవరం వచ్చి, సంబంధం అడగడానికి మా నాయన ఎదుట కూర్చున్నాడు.

"మావాడు ఆకాశం చూసి వాన రాదని ముందే చెప్పినాడన్నా. వాని మాట విని విత్తలే. ఊర్లో గింజ మిగిలింది మా ఇంట్లోనే."

మా నాయన జన్మలో నాగలి పట్టినవాడు కాదు. ఇంత తెలివైన అల్లుడు యాడ దొరుకుతాడని అమ్మ వైపు చూశాడు.

ఆకాశం చూసి చెప్పాడన్నది అతిశయోక్తి కూడా కాదు, పచ్చి అబద్ధం. తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. ఆ ఒక్కసారి నోరు మూసుకున్నాను.