తార్నాకలో నేనిచ్చిన తీర్పు

ఆ రోజుల్లో న్యాయశాస్త్రం చదవడమంటే సగం చదువు, సగం పుస్తకం కోసం కాచుకుని కూర్చోవడం. మా లా కాలేజీ లైబ్రరీలో ముఖ్యమైన పుస్తకాలు ఒక్కొక్క కాపీయే ఉండేవి. ఆ ఒక్క కాపీ కోసం అడిక్‌మెట్ గదుల్లో ఉండే అబ్బాయిలు పొద్దున్నే చాయ్ కూడా తాగకుండా వచ్చి తలుపు దగ్గర నిలబడేవారు. నేను లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి నడిచి వచ్చేసరికి కాంట్రాక్టుల పుస్తకం ఒకరి చేతిలోకి, నేరాల పుస్తకం ఇంకొకరి చేతిలోకి వెళ్ళిపోయి ఉండేవి. నాకు మిగిలేది ఎవరూ ముట్టని హిందూ వారసత్వ చట్టం. (తండ్రులు బతికున్న అబ్బాయిలకు వారసత్వం మీద పెద్దగా ఆసక్తి ఉండదని అప్పుడే తెలుసుకున్నాను.) అందువల్ల ఇష్టం ఉన్నా లేకపోయినా ఆ ఒక్క చట్టమే నాకు బాగా వచ్చింది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసే మా నాయన సాయంత్రం నేను ఇల్లు చేరగానే "ఇయ్యాల ఏం సదివినవ్ బిడ్డా" అని అడిగి, ఎవరు పోతే ఎవరికి ఎంత వాటా వస్తుందో నేను చెప్తుంటే చివరిదాకా వినేవాడు. నా చదువు మీద నాకు లేని నమ్మకం ఆయనకు ఉండేది.

ఆ లైబ్రరీకి ఒక లైబ్రేరియన్ ఉండేవారు. మేము ఆయనను ఖామోష్ సార్ అనేవాళ్ళం, ఆయన లేనప్పుడు మాత్రమే. కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, స్కేలుతో బల్ల మీద ఒక్క దెబ్బ తట్టి, మెల్లగా "ఖామోష్" అనేవారు. అంతే, తుమ్ము వస్తున్నవాడు కూడా ఆపుకునేవాడు. ఆయనకు రెండే నియమాలు. రిఫరెన్సు పుస్తకం గడప దాటకూడదు. ఇచ్చింది ఏదైనా ఐదింటి లోపల తిరిగి రావాలి. ప్రిన్సిపాల్ గారు ఒకసారి ఒక సంపుటిని తన గదికి పంపమంటే, "సార్‌నే గిటు రమ్మను, కుర్చీ ఏస్త" అని కబురు చేసిన మనిషి ఆయన.

ప్రత్యేక తెలంగాణ గొడవలతో కాలేజీలు మూతపడటానికి ముందటి ఏడాది అది. మాకు సాక్ష్య చట్టం చెప్పే మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. ఏటా మేము మూట్ కోర్టు నడిపేవాళ్ళం, అంటే లేని కేసును ఉన్నట్టుగా పెట్టుకుని వాదించే కోర్టు ఆట. మాస్టారు గుంటూరు వైపు వారు. "మనలో మనమే వాదించుకుని, మనకి మనమే చప్పట్లు కొట్టుకుంటే ఎవరికర్రా ఉపయోగం? ఈసారి జనం మధ్య పెడదాం. తెలుగులో పెడదాం. కోర్టంటే వాళ్ళకున్న భయం పోవాలి" అన్నారు. తార్నాకలో ఒక ఖాళీ స్థలం చూశారు, ఆదివారం పగలు షామియానా వేయిద్దామన్నారు. జనానికి అర్థమయ్యే కేసు కావాలని ఆయనే ఒకటి అల్లారు: తండ్రి కట్టిన ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఉంటున్నారు, తమ్ముడు చనిపోయాడు, అన్న తమ్ముడి గదికి తాళం వేసి మరదలిని బయటకు పంపాడు, ఆమె కోర్టుకు వచ్చింది. పరీక్షల్లో ఏటా వచ్చే ప్రశ్నే.

పాత్రలు పంచుకునే వేళ క్లాసులో ఉన్న అబ్బాయిలందరూ వకీళ్ళమే అవుతామన్నారు. జడ్జి అవుతానన్నవాడు ఒక్కడు లేడు. జడ్జికి మాట్లాడే అవకాశం చివర్లో తప్ప ఉండదు కదా. ఆఖరికి మా క్లాసులో ప్రతిదానికీ అడ్డుపడే ఒక అబ్బాయి (మేము వాడిని అబ్జెక్షన్ అని పిలిచేవాళ్ళం) లేచి, నా వైపు చెయ్యి చూపి, "ఆ అమ్మాయి ఎట్లాగూ మాట్లాడదు కద సార్" అన్నాడు. ఆ విధంగా నేను జడ్జినయ్యాను. ఇంటికి వెళ్ళి చెప్తే మా అమ్మ పొంగిపోయి తన పెళ్ళినాటి పట్టుచీర తీసింది. మీద నల్లకోటు వేసుకుంటే అది కనిపించదని ఆమెకు చెప్పడానికి నాకు మనసు రాలేదు.

చిక్కంతా పుస్తకాల దగ్గర వచ్చింది. బల్ల మీద లావు లావు తీర్పుల సంపుటాలు లేకపోతే కోర్టులాగా కనిపించదని మాస్టారి పట్టుదల. గడప దాటనివ్వనని ఖామోష్ సార్ పట్టుదల. ఇద్దరూ వారమంతా ఒకరికొకరు ఎదురుపడకుండా తిరిగారు. శనివారం సాయంత్రం ఖామోష్ సార్ మెత్తబడ్డారు. "కితాబులు నన్ను ఇడిసిపెట్టి పోవు. అవి పోతే నేను గూడ పోవాలె. నేను యాడుంటే గదే లైబ్రరీ" అన్నారు. ఆదివారం ఆయన సైకిల్ రిక్షాలో, ఒళ్ళో ఎర్ర అట్టల సంపుటాలు పెట్టుకుని, చేతిలో స్కేలు పట్టుకుని తార్నాకకు వచ్చారు. జడ్జి బల్ల పక్కనే ఇంకో చిన్న బల్ల వేయించుకుని, పుస్తకాలు వరుసగా పేర్చుకుని కూర్చున్నారు.

జనం మేము అనుకున్నదానికన్నా ఎక్కువ వచ్చారు. మాణికేశ్వర్ నగర్ నుంచి రాళ్ళపని చేసేవాళ్ళు ఇంటిల్లిపాదీ వచ్చారు, లాలాగూడ నుంచి మా నాయన తన షిఫ్టు వాళ్ళను వెంటేసుకుని వచ్చాడు. ఆడ జడ్జి కూర్చుంటుందని వినిపించడంతో ఆడవాళ్ళు ముందు వరుసలు పట్టుకున్నారు. మొదట్లో గోలగా ఉంది. పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరో పల్లీలు అమ్ముతున్నారు. అప్పుడు ఖామోష్ సార్ అలవాటు కొద్దీ స్కేలుతో బల్ల మీద తట్టి "ఖామోష్" అన్నారు. షామియానా మొత్తం గప్‌చుప్ అయిపోయింది. పల్లీలతను బుట్ట కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. మా నాయన నడుం నిటారుగా చేసి కూర్చున్నాడు.

వాదన మొదలైంది. వకీలు వేషంలో ఉన్న అబ్జెక్షన్ ఆవేశంగా ఒక సంపుటి మీద చెయ్యి వేయబోతే, ఖామోష్ సార్ ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. "దస్తఖత్" అన్నారు. వాడు వాదన మధ్యలో ఆపి, చీటీ మీద సంతకం పెట్టి, పుస్తకం తీసుకుని, రెండు వాక్యాలు చదివి, తిరిగి ఇచ్చి, మళ్ళీ ఆవేశం తెచ్చుకోవలసి వచ్చింది. రెండో వైపు వకీలుకూ అదే గతి. మాకు నవ్వు ఆగడం లేదు, జనానికి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. ప్రతి మాటకూ సంతకం తీసుకుంటున్నారంటే ఇది ఆషామాషీ వ్యవహారం కాదని వాళ్ళకు తోచింది కాబోలు. ఖామోష్ సార్‌ను కోర్టు గుమాస్తా అనుకుని వెనక నుంచి ఎవరో "పేష్కార్ సాబ్ చానా సక్త్" అనడం నాకు వినిపించింది.

తీర్పు చెప్పవలసిన వేళ వచ్చింది. మాస్టారు రాసిచ్చింది ఇంగ్లీషులో ఉంది. తెలుగు చేసుకుందామంటే నోరు తిరగలేదు. చివరకు కాగితం పక్కన పెట్టి, ఇంట్లో మా నాయనకు చెప్పినట్టు చెప్పేశాను. "మొగడు పోయినంత మాత్రాన ఆమె ఈ ఇంటికి పరాయిది కాదు. మొగని వాటా పెండ్లానికి, పిల్లలకు వస్తది. అన్న ఏసిన తాళం తప్పు. రేపు తాళంచెవి తెచ్చి అప్పజెప్పాలె." ముందు వరుసలో ఒకావిడ "యాడ ఇయ్యాలె?" అని అడిగింది. ఆ ప్రశ్న మా ఆటలో లేదు. నేను నోరు తెరిచేలోగా ఖామోష్ సార్ అందుకున్నారు. "లా కాలేజీ లైబ్రరీల. ఐదింటి లోపల" అన్నారు. ఆయనను ఎవరు ఏది ఎక్కడ ఇవ్వాలని అడిగినా వచ్చే జవాబు అదొక్కటే.

సోమవారం మధ్యాహ్నం నేను లైబ్రరీలో ఆడపిల్లల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. ఖామోష్ సార్ గబగబా నా దగ్గరకు వచ్చారు, గొంతు తగ్గించడం కూడా మరిచిపోయారు. "బేటీ, నీ కోసం ఒకాయన వచ్చిండు. తాళంచెవి వాపస్ ఇస్తనంటున్నడు. మనం తాళంచెవులు ఇయ్యం గద, ఎట్ల వాపస్ తీస్కోవాలె?"

బయట వరండాలో తలకు తువ్వాల చుట్టుకున్న ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. చేతుల మీద రాతిదుమ్ము. మాణికేశ్వర్ నగర్‌లో మేస్త్రీనని చెప్పాడు. "తమ్ముడు పోయినంక అర్రకు తాళమేసిన. మరదలు పోరిని తీస్కొని లాలాగూడల వాళ్ళ అమ్మ కాడికి పోయింది. ఇగో తాళంచెవి" అని నా ముందు చెయ్యి చాపాడు. మా మాస్టారు అల్లిన కేసు ఆ బస్తీలో ఒక ఇంట్లో నిజంగానే జరుగుతున్నదని మాకెవరికీ తెలియదు. ఒక్క నిమిషం కూర్చోమని చెప్పి లోపలికి పరుగెత్తాను.

అబ్జెక్షన్ అప్పటికే నేరాల పుస్తకం తెరిచాడు. (మొదటిసారి అది వాడికి తేలిగ్గా దొరికింది.) "చూడు, సర్కారీ అధికారినని వేషమేస్తే జైలు. తాళంచెవి ముట్టినవంటే నువ్వు లోపలికే" అన్నాడు. మాస్టారి దగ్గరకు వెళ్తే ఆయన, "ఊరుకో అమ్మాయ్, తీసుకో. ఆవిడ ఇల్లు ఆవిడకొస్తోంది కదా, ఇప్పుడు నువ్వెళ్ళి నిజం చెప్పి చెడగొట్టకు" అన్నారు. ఒకరి మాటలో భయం ఉంది, ఇంకొకరి మాటలో దయ ఉంది. నాకు రెండూ నచ్చలేదు. నిజం చెప్తే అతను తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోతాడు, లాలాగూడలో ఉన్న ఆ తల్లీబిడ్డలు అక్కడే ఉండిపోతారు. చెప్పకపోతే నేను చదువుతున్న చదువుకు అర్థం ఏమిటి? వారసత్వ చట్టం తీసి ఆ సెక్షన్ మళ్ళీ చదివాను. నేను చెప్పింది సరిగ్గానే ఉంది. అది ఉన్నచోటే పెట్టి బయటకు వచ్చాను.

"పెద్దయ్యా, నిన్న జరిగింది అసలు కోర్టు కాదు" అన్నాను. "మేమందరం గీడ సదువుకునేటోళ్ళం. అది నాటకం లెక్క. నా మాట ఇనకపోతే పోలీసులు రారు, ఎవ్వరు నిన్ను పట్టుకోరు. కాని చట్టం మాత్రం గదే. గా అర్రల ఆమెకు హక్కున్నది." చెప్పడం అయితే చెప్పాను గానీ నా కళ్ళు తాళంచెవి మీదే ఉన్నాయి.

అతను తాళంచెవిని అరచేతిలో తిప్పి చూసుకున్నాడు. తర్వాత అన్నాడు, "నాటకమని నాకు ఎరుకలేదా బిడ్డా. గా వకీలు పోరడు రోజూ మా బస్తీ ముంగట హోటల్ల చాయ్ తాగుతడు. కోటేస్కుంటే వకీలయితడా?"

"మరి ఎందుకొచ్చినవ్?"

"యాడ ఇయ్యాలె అని అడిగింది నా పెండ్లామే. ఇంటికొచ్చినంక అన్నం పెట్టింది గాని నా దిక్కు చూడలే. పొద్దుగాల నేనే అడిగిన, ఏందే గట్లున్నవ్ అని. ఐదింటి లోపల ఇయ్యాలన్నరు గద, అన్నది." అతను తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. "తాళమేసిన దినం సంది నాకు గూడ మంచిగ లేదు. ఎవ్వలన్న అడిగితే ఇద్దామనే ఉన్నది. ఒక్కలు అడగకపాయె. అడగకుంటే నా అంతట నేను ఎట్ల పోయి ఇస్త?"

తన చేత్తో మరదలికి ఇవ్వలేనని, నన్నే ఇవ్వమని తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రం మా నాయనతో కలిసి లాలాగూడ సందుల్లో అడుగుతూ పోయి ఆమె ఇల్లు పట్టుకున్నాను. నా వయసే ఉంటుంది. చంకలో పిల్ల. విషయం చెప్తే మొదట నమ్మలేదు, తర్వాత తాళంచెవిని కొంగున ముడివేసుకుని, "మా బావకు కోపమొచ్చిందా అక్కా?" అని అడిగింది. కొంచెం వచ్చిందన్నాను. "రానియ్యి. ఇచ్చిండు గద" అని ఏడ్చింది. తిరిగి వస్తూ ఇంటి మలుపు దగ్గర మా నాయన "మంచిగ సదువు బిడ్డా" అన్నాడు.

ఆ తర్వాత నేను వకీలునయ్యాను, ఆ పైన చాలా ఏళ్ళు నిజమైన జడ్జి కుర్చీలోనే కూర్చున్నాను. ముద్రలున్న తీర్పులు రాశాను. వాటి వెనక పోలీసులు ఉన్నారు, వాటిని అమలు చేసే కోర్టు అమీన్లు ఉన్నారు. ఓడినవాళ్ళు పై కోర్టుకు వెళ్ళారు, అక్కడి నుంచి ఇంకా పై కోర్టుకు వెళ్ళారు, గెలిచినవాళ్ళు కాగితం పట్టుకుని ఎదురుచూస్తూ ముసలివాళ్ళయ్యారు. షామియానా కింద పట్టుచీర మీద నల్లకోటు వేసుకుని, తీర్పు చెప్పి, మర్నాడే తాళంచెవి చేతికి అందుకున్న ఆ పిల్లను తలచుకుంటే నవ్వు వస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇల్లూ వాకిలి తగాదాలో తీర్పు చెప్పిన మర్నాడు, పని అయిపోయాక కూడా కాసేపు నా గదిలో ఊరికే కూర్చునేదాన్ని. బంట్రోతు తొంగి చూసి, "ఎవరన్న వచ్చేదున్నదా అమ్మా?" అని అడిగేవాడు. ఎవరూ లేరులే అని చెప్పి, ఇంకాస్సేపు కూర్చునేదాన్ని.