మా చెల్లెలు చదివిన శాస్త్రం

ముందే చెప్పుకుంటున్నాను, నేను అయిదో తరగతి దాటలేదు. ఆదోనిలో పత్తి అంగడి గద్దె మీద కూర్చుని బేరాలు మాట్లాడిన నోరే గాని, ఇట్లాంటివి రాసిన చెయ్యి కాదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుని ఎన్నిసార్లు లేచానో మా ఇంట్లోవాళ్ళను అడిగితే చెబుతారు. రాత బాగాలేదని పక్కన పడెయ్యకండి. విషయం మా చెల్లెలిది, అది బాగుంటుంది.

మా చెల్లెలికి చిన్నతనంలోనే పెళ్ళయింది. కాపురానికి పోకముందే ఆ పిల్లవాడు జ్వరంతో పోయాడు. మా నాయన ఆమెను బళ్ళారిలో మా మేనత్త ఇంట్లో పెట్టి బి.ఏ. దాకా చదివించాడు. నన్ను మాత్రం అయిదో తరగతి కాగానే అంగట్లో కూర్చోబెట్టాడు. నాయన పోయాక ఇంటికి నేనే పెద్ద. సరిగ్గా అప్పుడే ఆమె మద్రాసు పోయి ఇంకా పై చదువు చదువుతానంది.

అమ్మకు ఏమీ అర్థం కాలేదు.

"పట్టా వచ్చె కదమ్మా, ఇంకేం సదువే?"

"సమాజ శాస్త్రం అమ్మా. జనానికి సేవ చేసేదానికి ఉండే చదువు. అది చదివితే సర్కారులో పని ఇస్తారు."

"సాస్త్రాలు సదవను మద్రాసుకు పోవల్లనా? మీ అవ్వ సెప్పినేటివి సాల్లేదా?"

మా వైపు శాస్త్రం అంటే పొడుపుకథ. చిన్నప్పుడు మా అవ్వ మా ఇద్దరినీ చెరొక పక్కన పడుకోబెట్టుకుని శాస్త్రాలు వేసేది. అందుకని చెల్లెలు పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు.

అంగట్లో మా చిన్నాయన అయితే ఇంకో రకం. ఆయన నాయనకు తమ్ముడు, అంగట్లో భాగస్తుడు. "సేవంట, సేవ! కారాసేవలు ఒత్తేది నేర్పిస్తారేమో. మిఠాయంగడి పెట్టిస్తావా ఏమబ్బీ?" అన్నాడు. కారప్పూస లాంటిదాన్ని మా వైపు కారాసేవలంటారు. బస్తాలు మోసే హమాలీలు కూడా నవ్వారు. అయినా పంపించాను. ఎందుకు పంపించానో నాకే సరిగా తెలియదు. కాదనడానికి ధైర్యం చాలక పంపించి ఉంటాను.

చదువు చివరికొచ్చేసరికి ఆమెకు ఒక పని పెట్టారు. ఏదో ఒక ఊళ్ళో జనం మధ్య తిరగాలి. వాళ్ళ బతుకు ఎట్లా ఉందో వాళ్ళ నోటితోనే విని, ఏం చేస్తే బాగుపడతారో రాసి చూపించాలి. అది కుదిరితేనే పట్టా, పట్టా వస్తేనే ఉద్యోగం. ఆమె ఎమ్మిగనూరులో మగ్గాల వీధిని ఎంచుకుంది.

"ఇది కాకపోతే ఇంక మద్రాసూ లేదు, గిద్రాసూ లేదు. మీయమ్మకు తోడుగా ఇంట్లో కూసోవల్ల. నువ్వు మాటియ్యి," అన్నాడు చిన్నాయన, మా ఇంటికే వచ్చి.

"చూద్దాంలే చిన్నాయనా," అన్నాను.

చెల్లెలు ఆ మాట వంటింట్లోంచి విన్నదని అప్పుడు నాకు తెలియదు.

ఒంటిగా పంపేది లేదని అమ్మ పట్టు పట్టింది. కాబట్టి పొద్దున బస్సుకు ఇద్దరమూ ఎమ్మిగనూరు పోవడం, సాయంత్రం బస్సుకు రావడం. అది పత్తి దిగే కాలం. బండ్ల మీద బండ్లు ఆదోనికి వస్తుంటే నేను ఎదురుగా బస్సులో కూర్చుని పోయేవాణ్ణి. ఆ బండిలో సరుకు ఎవరిది, దాన్ని ఎవరు కొంటున్నారు అని లోపల ఒకటే గుబులు. ఎమ్మిగనూరులో దిగి ఉగ్గాని తిన్నా నోటికి రుచి తెలిసేది కాదు.

వీధిలో ఒక పెద్దామె ఇంటి నడవలో ఆడవాళ్ళు రాట్నాలు పెట్టుకుని మగ్గానికి కావలసిన నూలు కండెలు చుట్టేవాళ్ళు. చెల్లెలు లోపలికి పోయేది. మగవాణ్ణి కాబట్టి నేను బయట అరుగు మీద ఆగిపోయేవాణ్ణి. కూర్చునేవాణ్ణి, లేచేవాణ్ణి, వీధి చివరిదాకా పోయి వచ్చేవాణ్ణి. లోపలి మాటలన్నీ వినిపించేవి.

"మీకు ఇంట్లో కష్టాలేమన్నా ఉన్నాయా అమ్మా?"

"కష్టాలా? ఏం లేవు తల్లీ. అందరం బాగుండాం."

"నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకుంటారు?"

"బాయి నుంచే కదమ్మా. మీ మద్రాసులో యాడనుంచి తెస్తారు?"

తరువాత కిసకిసా నవ్వులు, ఆపైన రాట్నాల చప్పుడు. ఎన్ని రోజులు పోయినా ఇంతే. కాగితం పట్టుకుని వచ్చిన మనిషికి ఇంటి మాటలు చెబితే ఏం ముంచుకొస్తుందోనని వాళ్ళ భయం. తిరుగు బస్సులో చెల్లెలు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అన్నా, పరీక్షలప్పుడు కూడా నాకు ఇంత భయం లేదు," అంది. నేను పక్కనే పోతున్న పత్తి బండిని చూశాను.

ఒకరోజు ఆ పెద్దామెకే విసుగొచ్చింది.

"రోజూ మమ్మల్నే అడుగుతాండావు. నువ్వు సదివేది ఏందో అది సెప్పు."

"సమాజ శాస్త్రం అవ్వా."

రాట్నాలు ఆగిపోయాయి.

"సాస్త్రాలా! ముందే సెప్పకూడదా? దానికా ఇన్ని దినాలు మొగం ఏలాడేసుకున్యావు? సరే, ఇది ఇప్పు. సెట్టు మీద నగుతాది, గాలికి ఎగురుతాది. కడుపులో బిడ్డల్ని తీసేస్తేనే మన మానం కాపాడతాది. ఏంది?"

చెల్లెలు ఆలోచిస్తూ ఉంది. అది కాదమ్మా శాస్త్రం అంటే అని ఆమె చెప్పలేదు, అదే మంచిదయింది. నేను అరుగు మీద లేచి నిలబడ్డాను. నాలుక దురద పెట్టింది. ఎంతసేపు ఓర్చుకునేది?

"పత్తి!" అని గోడ ఇవతల నుంచి అరిచాను.

లోపల నవ్వులే నవ్వులు.

"ఎవురే ఆ గోడవతల?"

"మా అన్న అవ్వా. ఆదోనిలో మాది పత్తంగడి."

"దినామూ అరుగు మీద లేసేది, కూసునేది ఆయప్పేనా? నాడె మాదిరి ఆడికీ ఈడికీ ఉరుకుతాంటే పిచ్చోడేమో అనుకుంటిమి. నాడెప్ప!"

నాడె అంటే మగ్గంలో నూలు పట్టుకుని అటూ ఇటూ ఉరికే కొయ్య. ఆ పేరు నాకు ఆ వీధిలో అట్లాగే ఉండిపోయింది.

"పత్తంగడి బిడ్డకు పత్తి తెలీకపాయె," అని ఇంకొకామె ఎగతాళి చేసింది.

"అన్న ఇప్పింది లెక్కకు రాదు," అంది పెద్దామె. "ఓడింది నువ్వు. ఓడినోళ్ళు తమ ఇంటి మాట ఒకటి ఉన్నదున్నట్టు సెప్పల్ల. ఈడ మా కట్టు అదే."

చెల్లెలు కాగితాలు పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. తరువాత మెల్లగా చెప్పింది.

"ఈ పని కాకపోతే నన్ను ఇంట్లో కూర్చోబెడతారవ్వా. మా చిన్నాయన మాట అడిగినాడు. మా అన్న ఇస్తాననలేదు, ఇయ్యననలేదు. మంచోడే, నా కోసం అంగడి ఇడిసి వచ్చి ఆ అరుగు మీద పడుంటాడు. అయినా నాకు భయం చిన్నాయనంటే కాదు, మా అన్నంటేనే. ఆయన ఏమంటాడో ఆయనకే తెలీదు."

నేను విన్నాను. వింటానని ఆమెకు తెలుసో లేదో ఇప్పటికీ అడగలేదు. అక్కడ నిలబడలేక వీధి చివరికి నడిచాను. అక్కడ వీధి పొడుగునా పడుగు చాపి గంజి పెడుతున్నారు. "చూసి నడువప్పా, నూలు తొక్కుతాండావు!" అని ఎవరో కేకేశారు. వెనక్కి తిరిగాను.

నేను వచ్చేసరికి లోపల వేరే గొంతు మాట్లాడుతోంది. "నాకు కండ్లు మసకలు తల్లీ. సెప్తే నూలు ఇయ్యరని యాడా సెప్పలా." ఇంకొకామె, "పాపను బడికి పంపితే కండెలు ఎవురు సుడతారు?" అంటోంది. ఈసారి ఓడింది వాళ్ళు. మా అవ్వ వేసిన శాస్త్రాలన్నీ చెల్లెలు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది. తొంగిచూస్తే కాగితాలు పక్కన పడి ఉన్నాయి, ఆమె చేతిలో రాట్నం ఉంది. నూలు తెగితే పక్కనామె చేతి మీద చిన్నగా కొట్టి ముడి వేసి చూపిస్తోంది.

ఆ తరువాత ఆమె రాయడానికి తిరుగు బస్సు కూడా చాలేది కాదు. కుదుపులకు అక్షరాలు పక్కకు పోతున్నా రాసేది. పిల్లలు కండెలు చుట్టే వేళ తప్పించి బడి పెట్టాలని, కళ్ళు చూపించుకోవడానికి ఆడవాళ్ళను కలిపి ఆసుపత్రికి తీసుకుపోవాలని రాసింది. మద్రాసులో వాళ్ళకు నచ్చింది. పట్టా వచ్చింది. పల్లెల్లో ఆడవాళ్ళ మధ్య తిరిగే ఉద్యోగం కూడా వచ్చింది, కానీ ఇంకో జిల్లాలో.

చిన్నాయన అంగట్లో అందరి ముందే అడిగాడు.

"ఆడిబిడ్డ ఒంటిగా ఊర్లెంబడి తిరుగుతాదా? ఏమంటావు?"

నేను గద్దె మీద నుంచి లేచాను. మళ్ళీ కూర్చున్నాను. చూద్దాం అనే మాట నోటిదాకా వచ్చింది.

"పోతాది చిన్నాయనా," అన్నాను.

"ఎవురు పంపిస్తారు?"

"నేనే."

"జనాలు నిన్ను ఏమంటారో తెలుసునా?"

"నాడెప్ప అంటారు. అలవాటైపోయింది."

ఆయనకు అర్థం కాలేదు. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. చెల్లెలు పోయే రోజు మాత్రం హమాలీ ఒకడు పరుగెత్తుకుంటూ బస్టాండుకు వచ్చి పొట్లం ఒకటి ఇచ్చాడు. "మీ సిన్నాయన ఇమ్మన్యాడు. సేవకు పోతాండాది కదా, తినమను అన్యాడు." విప్పితే కారాసేవలు.

ఈసారి నేను బస్సెక్కలేదు. ఆమె ఒక్కతే కిటికీ దగ్గర కూర్చుంది. పొట్లంలోంచి గుప్పెడు తీసి నా చేతిలో పెట్టి, "ఇంటికి పో అన్నా, అంగడి తెరవల్ల," అంది. బస్సు పోయాక కూడా నేను అక్కడే అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తూ ఉండిపోయాను. చేతిలో కారాసేవలు పొడి అయిపోయాయి.

ఇది మా చెల్లెలికి చూపించలేదు. చూపిస్తే పక్కన కూర్చుని ఒక్కొక్క తప్పూ దిద్దిస్తుంది, నేనేమో అంతసేపు కూర్చోలేను. అందుకని తప్పులన్నీ ఉన్నవి ఉన్నట్టే మీ దగ్గరికి వస్తున్నాయి. చదివినవాళ్ళు దయచేసి మన్నించాలి.