తడిగుడ్డలో ద్రాక్షపుల్లలు

మా ఆయనకు ఎవరైనా చేతిలో ఏదైనా పెడితే వద్దనడం రాదు. పెళ్ళిళ్ళలో మళ్ళీ మళ్ళీ వడ్డించిన పులిహోర తినేసి, కారెక్కాక పొట్ట పట్టుకునే మనిషి. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత చెబుతూనే ఉంది, పూర్తిగా రాస్తే బాగుండదు. ఆ మార్చి నెలలో టొరంటో ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ వరసలో నిలబడినప్పుడు మాత్రం నాకది పూర్తిగానే గుర్తొచ్చింది. మా సూట్‌కేసులో, ఆయన స్వెట్టర్ మడతల్లో, తడిగుడ్డలో చుట్టిన ద్రాక్షపుల్లలు ఉన్నాయి.

అవి టొరంటో దగ్గరి కేంబ్రిడ్జ్‌లో మా పక్కింటి పెద్దాయన నాటుకోవడానికి తెస్తున్నవి. ఆయన కుర్రతనంలోనే ఇటలీలోని లిగూరియా తీరం నుంచి వచ్చేశారు. సముద్రం ఒడ్డునే నిటారుగా లేచిన కొండలు, వాటికి మెట్లుమెట్లుగా రాతిగోడలు కట్టి పెంచిన ద్రాక్షతోటలు, అదీ ఆయన ఊరు. ఇక్కడ ఏటా చలి మొదలయ్యే ముందు కాలిఫోర్నియా ద్రాక్ష పెట్టెలతో కొని గరాజ్‌లో వైన్ చేస్తారు. రసం పిండే మర తిప్పడానికి మా ఆయన్ని పిలుస్తారు. ఎలా కుదిరిందని అడిగితే మొహం చిట్లిస్తారు. "ఇది ఉత్త ఎండకి పండిన కాయ. మా కాయకి సముద్రపు గాలి తగులుతుంది. నాలిక మీద ఉప్పు తెలుస్తుంది" అంటారు.

మా ఆయనకు కంపెనీ పని మీద అదే తీరంలోని జెనోవా వెళ్ళాల్సి వస్తే నేనూ సెలవు పెట్టి వెంట వెళ్ళాను. "మా తమ్ముణ్ణి ఒకసారి చూసి రండి" అన్నారు పెద్దాయన. అంతకు మించి ఏదైనా అడిగి ఉంటే నేను అక్కడే ఆపేసేదాన్ని.

ఆ తమ్ముడూ ముసలివాడే. మమ్మల్ని తోట గోడ మీద కూర్చోబెట్టి తెల్ల వైన్ పోశాడు. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. బోస్కో, అల్బరోలా, వెర్మెంటీనో అని అక్కడి ద్రాక్షలు మూడు కలిపి చేస్తారట. అదే ద్రాక్షను నీడలో ఆరబెట్టి షాకెత్రా అనే తీపి వైన్ కూడా చేస్తారట, పెళ్ళికో పురుడుకో తప్ప దాని బిరడా తీయరట. నేను తాగను. ఆయన నొచ్చుకుంటాడని తెల్ల వైన్ ఒక గుక్క చప్పరించాను. ఉప్పు నిజమే.

తర్వాత మమ్మల్ని తోటలో అన్నిటికంటే పై మెట్టైన పైగట్టు మీదకు తీసుకెళ్ళాడు. అక్కడ నా మణికట్టంత లావున్న పాత తీగ ఉంది. దాని కాయకు ఇంట్లో పిలుచుకునే పేరు తప్ప మరో పేరు లేదట, వాళ్ళ తాత నాటిందట. ఇంకా చిగురు వేయలేదు. కత్తెరతో కొమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి, మా ఆయన చేతిలో పెట్టి "అన్నయ్యకి" అన్నాడు. మా ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని తప్పకుండా ఇస్తానన్నారు. నేను గుడ్లురిమి చూస్తున్నానని తెలిసే ఆయన నావైపు తిరగలేదు.

వరసలో మా ముందు మనుషులు తగ్గుతున్నారు.

"పుల్లలే కదా, ఎవరు చూస్తారు?" అన్నారు మా ఆయన మెల్లగా.

"కస్టమ్స్ కుక్క చూస్తుంది."

"తమ్ముడు ఈపాటికి చెప్పే ఉంటాడు, పెద్దాయన ఎంత ఆశ పెట్టుకుని ఉంటారో. వట్టి చేతుల్తో వెళ్ళి ఆ మొహం ఎలా చూడమంటావ్?"

"మీరు చూడకండి. నేను చూస్తా."

మా సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఇంకా నడుస్తోంది. ఆ భయం ఉంది, లేదనను. కానీ నేను మందుల కంపెనీలో క్వాలిటీ చూసే మనిషిని. కంటికి కనిపించనిది ఎంత పని చేస్తుందో రోజూ చూస్తాను. నయాగరా దగ్గర ఎందరో ద్రాక్ష మీదే బతుకుతున్నారు. ఈ పుల్లల్లో ఏ తెగులుందో ఎవరు చెప్పగలరు?

మిషన్ ముందుకు వచ్చాం. మొక్కలు, విత్తనాలు, మట్టి ఏమైనా తెస్తున్నారా అని తెర మీద ప్రశ్న వచ్చింది. మా ఆయన వేలు గాల్లో ఆగిపోయింది. నేను ఆయన చెయ్యి పక్కకు తోసి 'అవును' నొక్కాను.

బ్యాగులు తీసుకున్నాక మమ్మల్ని పక్కగదిలోకి పంపారు. అక్కడి ఆఫీసరమ్మ గ్లవ్స్ వేసుకుని మూట విప్పింది. దాచకుండా చెప్పారు కాబట్టి ఫైన్ వేయడం లేదంది. మా ఆయన ఆగలేక, "వీటిని మీరే ఎక్కడైనా నాటించే వీలుందా?" అని అడిగారు. "సారీ సర్, కాల్చేస్తారు" అని ఆమె పుల్లల్ని సంచిలో వేసి మూతి కట్టేసింది. గుండెల మీద కుంపటి దించినట్టయింది నాకు. మా ఆయన మాత్రం ఆ సంచి వైపే చూస్తూ నిలబడిపోయారు.

బయట పెద్దాయన ఉన్నారు. మేం రమ్మనలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నున్నగా గడ్డం గీసుకుని వచ్చారు. మా మొహాలకంటే ముందు మా చేతులు చూశారు.

"నేనే ఇచ్చేశాను" అన్నాను.

"వాళ్ళు అడిగారా?"

"అడిగారు. ఉన్నాయని చెప్పాను."

"మంచిది. అడిగితే అబద్ధం చెప్పకూడదు" అని మా సూట్‌కేసు పెద్దాయనే లాక్కుంటూ పార్కింగ్ వైపు నడిచారు. కారు దగ్గరకు వచ్చాక, మా వైపు తిరక్కుండానే చెప్పారు. "తమ్ముడు నిన్న ఫోన్ చేశాడు. పైగట్టు అమ్మేశాడు. కొన్నవాళ్ళు ఆలివ్ వేసుకుంటారట. పుల్లలు మీ దగ్గర భద్రంగా ఉన్నాయి కదా అని, తీగ పీకించేశాడు."

మా ఆయన వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

పెద్దాయన డిక్కీ తెరిచారు. లోపల ఒక కొత్త కుండీ, నిండా మట్టి. అప్పుడే నీళ్ళు చల్లినట్టు నల్లగా ఉంది. అది ఉంటే సూట్‌కేసులు పట్టవు. ఆయన దాన్ని బయటికి తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశారు. నేను ముందు సీట్లో కూర్చుని చేతులు చాచాను. నా ఒళ్ళో పెట్టారు.

నేను చేసింది తప్పు కాదు. మళ్ళీ ఆ మిషన్ ముందు నిలబెట్టినా అదే నొక్కుతాను. అయినా ఏడుపు ఆగలేదు. చలికాలం దెబ్బకు రోడ్డంతా గుంతలు పడి ఉంది. కేంబ్రిడ్జ్ దాకా ఆ కుండీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. గుంత వచ్చిన ప్రతిసారీ పెద్దాయన కుండీ వైపు ఒకసారి చూసి, కారు నెమ్మది చేస్తూనే ఉన్నారు.