సుభద్ర మేడం అక్షరాల ఆట

కోకాపేట రోడ్డు మీద హారన్లు మోగుతూ ట్రాఫిక్ ఆగిపోయి, ముందు కారు నంబరు ప్లేటు ఎండకు తళుక్కుమన్నప్పుడు నా పెదవులు వాటంతటవే కదులుతాయి. ఆ నంబరులో చివరి అంకెల ముందున్న రెండక్షరాలూ ఉన్న ఇంగ్లీషు మాట కోసం వెతుకుతాను. ఈ అలవాటు నాకు అంటించింది సుభద్ర మేడం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ మా టీమ్ లీడ్. కాకినాడ మనిషి. లింగంపల్లి స్టేషన్ దగ్గర ఇద్దరం ఒకే ఆఫీసు క్యాబ్ ఎక్కేవాళ్లం. నేను వికారాబాద్ దగ్గరి పల్లెలో తెలుగు మీడియంలో చదివాను. ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో పట్టుకోగలిగేదాన్ని కానీ, విదేశీ క్లయింటు ఫోన్లో అడిగితే నోరు పెగిలేది కాదు. కాల్స్‌లో మాట్లాడకపోతే ఉద్యోగం ఖాయం చేయడం కష్టమని మేనేజరు చెప్పిన మర్నాడు, క్యాబ్‌లో ఏడుపు ఆపుకుంటూ కూర్చున్నాను.

"ఏమైందమ్మా?" అన్నారు మేడం.

"నాకు ఇంగ్లీష్ రాదు మేడం. ఇగ నన్ను తీసేస్తరు."

ఆవిడ ఓదార్చలేదు. ముందున్న కారు చూపించారు. "ఎఫ్, ఆర్ ఉన్నాయి చూడు. అదే వరసలో ఆ రెండూ వచ్చే మాట చెప్పు. మధ్యలో వేరే అక్షరాలున్నా పర్లేదు."

చాలాసేపు ఆలోచించి "ఫియర్" అన్నాను.

"అదే దొరికిందా నీకు! ఇంకోటి?"

"ఫ్రాగ్."

ఆవిడ పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

ఇక రోజూ అదే ఆట. జి, టి కనిపిస్తే నేను 'గేట్' దగ్గరే ఆగిపోయేదాన్ని, ఆవిడ 'టుగెదర్' దాకా వెళ్లేవారు. నా స్పెల్లింగు తప్పితే, "నువ్వు చెప్పినట్టుంటేనే బాగుండేది" అనేవారు. పెద్ద మాట కోసం కూర్చోకుండా దొరికింది పైకి అనేయాలి, అదొక్కటే షరతు.

ఒక కాల్‌లో నా వంతు వచ్చింది. నేను చేసిన మరమ్మతు తాత్కాలికమని చెప్పాలి. 'టెంపరరీ' అన్న మాట ఎంతకీ తట్టలేదు. పక్కనున్న మేడం అందుకుంటారనుకున్నాను. ఆవిడ నన్నే చూస్తూ ఊరుకున్నారు. చివరికి, "నౌ, స్మాల్ ఫిక్స్. టుమారో, ఫుల్ ఫిక్స్" అన్నాను. అవతలాయన థాంక్స్ చెప్పి తర్వాతి విషయంలోకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కాల్స్‌లో మెల్లగా నోరు విప్పాను. ఉద్యోగమూ నిలబడింది.

"జర అందియ్యొచ్చు కద మేడం! పానం పోయినంత పనైంది" అన్నాను, ఆ రోజు కాల్ అయిపోగానే.

"మాట నీ నోట్లోనే తిరుగుతోంది. మధ్యలో నేనెందుకమ్మా?"

కిందటేడు ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట దెబ్బతిన్నాయి. చూడ్డానికి లింగంపల్లి ఇంటికి వెళ్లేసరికి వానకు నిలువెల్లా తడిశాను. మేడం నన్ను చూసి పెదవులు కదిపారు. మాట రాలేదు. నా పేరు కోసం తడుముకుంటున్నారనుకుని కూతురు, "స్వరూ..." అని అందించబోయింది. నేను ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. "జర ఆగమ్మా."

మేడం నుదురు చెమర్చింది. కళ్లు మూసుకుని, తెరిచి, మళ్లీ ప్రయత్నించారు.

"తు... తువ్వాలు."

వెతుకుతున్నది నా పేరు కాదు. నా తల తుడవడానికి తువ్వాలు తెమ్మని కూతురికి చెబుతున్నారు.

అప్పటినుంచి, ఎదుటి మనిషి మాట కోసం తడుముకుంటుంటే నేను అందించడం లేదు. వాళ్లు ఏమంటారో నాకు తెలుసనే అనిపిస్తుంది. అయినా నోరు మూసుకుని కూర్చుంటాను.