తాబేలు గుడ్లకు అమ్మ కాపలా

పొద్దున బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఎదురింటి ఇసుక కుప్పను ఒక కుక్క తవ్వుతోంది. ఆ తడి ఇసుక వాసనకి మా సముద్రం గుర్తొచ్చింది.

మడ అడవి పక్కన పెరిగిన నేస్తాలూ, మీకు గుర్తుందా? మన తీరాన్ని అభయారణ్యం చేసిన కొత్తలో, తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలమని వలలు వేయొద్దన్నారు. ఇళ్ళలో పొయ్యి వెలగడమే కష్టమైంది. అప్పుడే ఒక ఉదయం, ఫారెస్టు గార్డు ఇసుక తవ్వి తాబేలు గుడ్లు బుట్టలో పెట్టుకోవడం అమ్మ చూసింది.

“ఏవయ్యా, మా వలలు ఆపింది నువ్వు గుడ్లమ్ముకోడానికా?”

“కాదమ్మా, ఇక్కడుంటే కుక్కలు తినేత్తాయి. ఆ కంచెలో పాతిపెడతాను.”

అమ్మ నమ్మలేదు. ఇంట్లో మిగిలిన ఎండుచేపలు ఆరబెట్టే పని ఆ కంచె పక్కకే మార్చేసింది. ఆయనిచ్చిన మంచినీళ్ళు కూడా నన్ను తాగనిచ్చేది కాదు.

చివరికి ఒక తెల్లవారుజామున ఇసుక కదిలింది. బుల్లి తాబేళ్ళు పైకొచ్చాయి. గార్డు కంచె తీయగానే సముద్రం వైపు పరుగెత్తాయి. ఆఖరిది అలలో కలిసేదాకా అమ్మ అలాగే నిలబడింది. తర్వాత చద్దన్నం గిన్నె పట్టుకుని ఆయన దగ్గరికెళ్ళింది.

“అన్నా, రెండు ముద్దలు తిను.”

ఆయన గిన్నెలోకి అనుమానంగా చూశాడు.

“ముందు నువ్వు తినమ్మా,” అన్నాడు.